తోరు తొట్ల దగ్గర తిరిగి చెప్పిన మాట

లాగ్ 1. పెద్దాయన నిండుగా

చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పిన మనిషికి, ఆ చెప్పింది అర్థమైనట్టేనా?

ఈ ప్రశ్న ఏళ్ళ తరబడి నాతో పాటే ఉద్యోగం చేస్తోంది. ఓడలను దించే కంట్రోల్ గదిలో మాకు నేర్పే మొదటి పాఠం అదే. నేను "మూడో బెర్తు, ఎడమ నుంచి రండి" అంటాను. ఓడ నడిపే మనిషి "మూడో బెర్తు, ఎడమ నుంచి వస్తున్నాను" అని అప్పజెప్పాలి. దాన్ని రీడ్‌బ్యాక్ అంటాం. అది లేకుండా ఎవరూ కదలడానికి వీల్లేదు. నా శిక్షణ రోజుల్లో ఒకాయన అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఆ గొంతులోని ధీమాకు మేమంతా ముచ్చటపడుతూ ఉండగానే నేరుగా వెళ్ళి నాలుగో బెర్తులో దిగాడు. అందులో అప్పటికే ఒక ఓడ ఉంది. రెండు ఓడలకూ సొట్టలు పడ్డాయి, ప్రశ్న మాత్రం నాకు మిగిలింది.

ఇలాంటివి కంపెనీ లాగ్‌లో రాయడానికి కుదరదు. అందుకే ఈ పక్క లాగ్.

తోరు ఒక మంచు చంద్రుడు. ఇక్కడి వాళ్ళు మంచును దిమ్మలుగా కోసి ఓడలకెక్కిస్తారు. ఈ దారిలో ఉన్న స్టేషన్లన్నీ తాగేది ఆ నీళ్ళే. ఆకాశంలో ఒకే చోట పెద్ద గ్రహం వేలాడుతూ ఉంటుంది. ఉన్న చోటే నిండుతుంది, ఉన్న చోటే తరుగుతుంది. నాతో వచ్చిన టెక్నీషియన్ దస్తగిరి దానికి పెద్దాయన అని పేరు పెట్టాడు. ఇక్కడి తేదీలూ మన తేదీలూ కలవవు కాబట్టి పెద్దాయన్ని చూసే రోజులు రాసుకుంటున్నాను.

ఊరి తలుపు దగ్గర ఒక బుట్ట ఉంది. చెవిలోని దుబాసీ తీసి అందులో వేస్తేనే లోపలికి రానిస్తారు. మినపగింజంత ఉండే ఆ యంత్రం పుణ్యాన మనుషులు వేరే భాష నేర్చుకోవడం మానేసి రెండు తరాలైంది. తోరు వాళ్ళు మాత్రం దాన్ని ఒప్పుకోరు. తలుపు మీద ఒక నోరు, దాని ముందు తెరిచిన అరచెయ్యి గీసి ఉంటాయి. మాట నీ నోట్లోంచే రావాలని దాని అర్థమట.

"గుళ్ళోకి పొయ్యేటప్పుడు చెప్పులు ఇడ్సినట్టుండాది" అన్నాడు దస్తగిరి, తనది తీసి బుట్టలో వేస్తూ. "మనం తిరిగొచ్చేలోగా ఎవరన్నా ఏసుకోని పోతారేమో అక్కా."

ఇదివరకటి కంట్రోలరు చేతి సైగలతో నెట్టుకొచ్చాడు. ఒక సైగ తప్పి, మంచుదిమ్మ ఒకటి ఒక మనిషి పాదం మీదుగా పోయింది. దాంతో కంపెనీ మాట్లాడగలిగే మనిషి కోసం వెతికింది. యూనివర్సిటీలో భాషాశాస్త్రం చదివి, ఆ చదువుకు ఎక్కడా పని దొరక్క కంట్రోల్ గదిలో చేరినదాన్ని నేనే కనిపించాను. నిజానికి నేను చదివిన పుస్తకాల్లో భాషను ముక్కలు చేసి చూడడం ఉంది గానీ నోరు తెరిచి మాట్లాడడం లేదు. అందుకని ఉద్యోగం నేర్పిన పద్ధతినే నమ్ముకున్నాను. ఊహించుకుని మాట్లాడకూడదు. తెలియనిది తెలిసినట్టు నటించకూడదు. విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి.

లాగ్ 4. పెద్దాయన సగం

ఓడలు లేని రోజుల్లో నా బడి నాచు తొట్ల గది. ఊరు పీల్చే గాలంతా ఆ తొట్లలోని నాచులోంచే వస్తుంది. రోజూ గోడలు గీకాలి, దీపాలు తిప్పాలి, లేకపోతే నాచు ముద్దకట్టి చచ్చిపోతుంది. గది పెద్ద ఒర్వా. ఎముకలన్నీ బయటికి కనిపించే పొడుగాటి మనిషి. కుడిచెయ్యి కొంచెం వణుకుతుంది. ఆవిడకు సాయం మేనకోడలు తెసి. తెసి ఒక కన్ను తొట్టి మీద, ఒక కన్ను కిటికీలోంచి కనిపించే ఓడల మైదానం మీద పెట్టి పనిచేస్తుంది.

మృణాళిని అనడానికి ఇక్కడ ఎవరికీ నోరు తిరగలేదు. మిణా అయ్యాను. చిన్నా పెద్దా లేదు, ఊరంతా నన్ను నువ్వనే అంటుంది. మొదట్లో ఉలిక్కిపడ్డాను గానీ ఇప్పుడు బాగానే ఉంది, వయసు తగ్గినట్టుగా.

"అడుగు ముందు గీకాలి, అంచులు తర్వాత" అంటుంది ఒర్వా.

"అడుగు ముందు గీకాలి, అంచులు తర్వాత" అంటాను నేను.

ఆవిడ నా ముఖంలోకి చూసి, తడి చెయ్యి నా మోచేతి మీద వేసి తీసింది. శభాష్ అన్నట్టు తోచింది. ఆ ఉత్సాహంలో దారిన పోయే ప్రతివాళ్ళ మాటా పట్టుకుని అప్పజెబుతున్నాను. అందరూ నా మోచెయ్యి తడుముతున్నారు. దిమ్మలు కోసే ఒకాయన "రేపు మా ఇంటి నీళ్ళ గొట్టం కడగాలి" అన్నాడు. అంత పొడుగు వాక్యం ఒక్కసారికే వచ్చేసినందుకు మురిసిపోతూ తిరిగి చెప్పాను. మర్నాడు ఆయన బ్రష్షు పట్టుకుని మా తలుపు దగ్గర నిలబడ్డాడు. భాష నేర్చుకునేవాళ్ళకు పని చూపిస్తూ నేర్పడం ఇక్కడి ఆచారం కాబోలనుకుని వెళ్ళి కడిగాను. తర్వాత ఆయన వదినగారి గొట్టం కూడా.

"ఏందక్కా ఇది" అన్నాడు దస్తగిరి. "నువ్వొచ్చింది ఓడలు దించేదానికా, ఊరోళ్ళ గొట్టాలు కడిగేదానికా?"

"భాష వస్తోంది కదా."

"నాకెవరూ ఒక్క పనీ చెప్పరే."

"నువ్వు తల ఊపడమే తప్ప నోరు విప్పవు."

"అందుకే సుఖంగా ఉండా."

ఓడల దగ్గర పని మాత్రం అద్భుతంగా సాగుతోంది. నేను ఒక మాట చెబితే దిమ్మలు ఎక్కించేవాళ్ళు ఒక్కొక్కరూ దాన్ని తిరిగి చెప్పి, సరిగ్గా అదే చేస్తున్నారు. నేను నేర్పకుండానే. ఇంత క్రమశిక్షణ మా కంట్రోల్ గదిలో కూడా చూడలేదు. ఒకటే లోటు, వీళ్ళ భాషలో అవును అనడానికి మాట ఇంకా చెవిన పడలేదు. ఉండకుండా ఎలా ఉంటుంది, నాకే వినిపించలేదేమో.

లాగ్ 9. పెద్దాయన తరుగుతూ

ఇవాళ పరీక్ష పాసయ్యాను.

తొట్ల గది నిండా జనం ఉన్నారు, దీపాలు మార్చే రోజు కదా. ఒర్వా గీకుడు బద్ద పక్కన పెట్టి నా ఎదురుగా నిలబడింది. చాలా పొడుగు వాక్యం ఒకటి నెమ్మదిగా, ఒక్కో మాటా వేరుచేసి చెప్పింది. చేతులు, తొట్లు, తెసి అన్నవి తెలిశాయి. మధ్యలో రెండు మాటలు తెలియలేదు. తర్వాత అడుగుదామనుకున్నాను. ధార తెంపబుద్ధి కాలేదు. మొదటి నుంచి చివరి దాకా, ఆవిడ ఎక్కడ ఆగిందో అక్కడే ఆగుతూ అప్పజెప్పాను.

అందరూ ఒకేసారి మాట్లాడారు. తెసి నా రెండు మోచేతులూ పట్టుకుని నవ్వుతూ ఏడ్చేసింది. పుల్లటి నాచు అట్టు ఒకటి తెచ్చి నా నోట్లో పెట్టారు. రుచి గురించి రాయను, ప్రేమగా పెట్టారు.

దస్తగిరికి చెబితే "సర్టిఫికెట్టు ఇయ్యలేదా?" అని అడిగాడు.

లాగ్ 10. పెద్దాయన గీతలాగా

రెండు కబుర్లు వచ్చాయి.

మొదటిది కంపెనీ నుంచి. వచ్చే ఓడలో నన్ను తిరిగి రమ్మన్నారు. మా రేవులో శిక్షణ విభాగానికి నన్ను అధిపతిని చేస్తారట. నేను ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన పదవి. ఇక్కడ లోడింగ్ సాఫీగా నడుస్తోంది కాబట్టి ముఖ్యమైన మాటలు దస్తగిరికి నేర్పించి రమ్మన్నారు.

రెండోది తెసి తెచ్చింది. ఓడలు నడపడం నేర్పే బడిలో ఆమెకు సీటు వచ్చింది. అదే ఓడలో బయల్దేరాలి. మంచు ఓడలు వస్తూనే ఉంటాయి గానీ, మనుషుల్ని ఎక్కించుకునే తర్వాతి ఓడ పెద్దాయన ఎన్నోసార్లు నిండి తరిగాక గానీ రాదు, అప్పటికి ఆ బడి పెట్టిన వయసు దాటిపోతుంది.

"నీవల్లే, మిణా" అంది. "నువ్వు మాట ఇవ్వకపోతే నేను కదలగలిగేదాన్నా?"

"ఏ మాట?"

తెసి పకపకా నవ్వింది, నేను వేళాకోళం చేస్తున్నాననుకుని. తర్వాత నా ముఖం చూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు ఒర్వా వాక్యాన్నే తేలిక మాటల్లో చెప్పింది: నా చేతులు ఆగిపోయాక ఈ తొట్ల మీద నీ చేతులుంటాయి. నీ చేతులు ఉన్నంత కాలం తెసి చేతులు ఖాళీ.

తెలియని ఆ రెండు మాటలు అప్పుడు తెలిశాయి. ఒకటి ఆగిపోవడం. రెండోది ఖాళీ.

నేను కాసేపు అదీ ఇదీ అడిగినట్టు అడుగుతూ అసలు సంగతి రాబట్టాను. తోరులో అవును అనరు. ఒప్పుకున్నవాళ్ళు ఎదుటివాళ్ళ మాటను వాళ్ళ ముందే తిరిగి చెబుతారు. ఇష్టం లేకపోతే ఊరుకుంటారు. తిరిగి చెప్పారంటే చేస్తారన్నమాటే, ఎదుటివాళ్ళు మోచెయ్యి ముట్టుకుంటే అది ఖరారైనట్టు. చెవిలో యంత్రాన్ని రానివ్వనిది అందుకే. యంత్రం ఏది విన్నా తిరిగి చెప్పేస్తుంది, చేసేది మాత్రం ఏమీ లేదు.

యంత్రాన్ని బుట్టలో వేసి వచ్చి నేను చేసిన పని కూడా అదే.

తొట్లు ఒర్వా వాళ్ళ ఇంటివి. ఆ ఇంట్లో మిగిలింది తెసి ఒక్కతే. ఆ ఇంటికి బయటివాళ్ళు ఎవరైనా మాట ఇస్తే తప్ప ఆమె ఊరు విడవకూడదు. ఇప్పుడు ఒక బయటిమనిషి ఇచ్చేసింది.

లాగ్ 11. పెద్దాయన కనబడని రోజు

"చెప్పేయక్కా" అన్నాడు దస్తగిరి. "రేడియో అలవాటుతో అన్నా, నాకేం దెలీదు అని చెప్పేయ్."

"చెబితే తెసి ఆగిపోతుంది."

"అయితే చెప్పద్దు. గమ్మున ఓడెక్కు. ఆ పిల్ల బడికి పోతాది, నువ్వు ఇంటికి పోతావు. ఓడెక్కినాక ఎవరడుగుతారు నిన్ను?"

ఆ సలహా సబబుగానే వినిపించింది. అందుకే భయమేసింది. మెల్లగా లెక్క తేలింది. ఒర్వా చేతిలోంచి బద్ద ఈ మధ్య తరచుగా జారిపడుతోంది. తొట్లకు చేతులు లేవని తెలిసిన రోజున ఊరు తెసిని చదువు మధ్యలో వెనక్కి పిలుస్తుంది. ఆమె వస్తుంది కూడా.

తొట్ల గదికి వెళ్ళాను. ఒర్వా ఒక్కతే ఉంది.

"నేను తిరిగి చెప్పడం మా పనిలో అలవాటు" అన్నాను. "అర్థమై చెప్పలేదు."

ఆవిడ గీకడం ఆపలేదు. "తెలుసు."

"ఏం తెలుసు?"

"నీకు ఆ రెండు మాటలూ రావని. అందుకే వాటిని పెట్టాను. తేలిక మాటలు నాకు లేకనా?"

ఎక్కడైనా కూర్చోవాలనిపించింది. కూర్చోడానికి తొట్టి అంచు తప్ప ఏమీ లేదు. దాని మీదే కూర్చున్నాను, చీర అయితే తడిసిపోయేది, ఇక్కడి రబ్బరు బట్టలకేం కాదు.

"అది మోసం" అన్నాను.

"మోసమే. ఆ పిల్ల నడక నేర్చినప్పటి నుంచి కిటికీ దగ్గరే తింటుంది, ఓడలు కనిపిస్తాయని. ఊళ్ళో ప్రతి ఇంటికీ వెళ్ళి అడిగాను. అందరూ నోరు మూసుకుని గోడ చూశారు. తప్పు కాదు, ఎవరి చేతులకు పని లేదు చెప్పు? అప్పుడు నువ్వొచ్చావు. ఎవరేం చెప్పినా తిరిగి చెప్పేస్తున్నావు. వాళ్ళ గొట్టాలు కడుగుతున్నావు, వాళ్ళ వదినల గొట్టాలు కడుగుతున్నావు." ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుకు చెయ్యి ఇంకా వణికింది. "నా బదులు నువ్వుంటే ఊరుకునేదానివా?"

కోపం వచ్చింది. ఆ భాషలో కోపానికి సరిపోయే మాటలు నాకింకా రాలేదు కాబట్టి తెలుగులో తిట్టాను. మా ఇంట్లో మామ్మ వాడే తిట్లు, ఎప్పుడూ పైకి అననివి. ఒర్వా శ్రద్ధగా చివరి దాకా విని, తిరిగి చెప్పకుండా ఊరుకుంది.

"ఓడ వచ్చే లోపు ఈ గదిలోనే అందరి ముందు చెప్పు" అంది. "ఒర్వా నన్ను మోసం చేసిందని చెప్పు. నీ మాట నీకొచ్చేస్తుంది. కొన్నాళ్ళు నాతో ఎవరూ మాట్లాడరు. అదేం కాదు. తెసికి నేనే చెబుతాను."

"నాకు ఇంటి దగ్గర పెద్ద ఉద్యోగం ఇస్తున్నారు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"ఏం పని?"

"విన్నది తిరిగి చెప్పడం నేర్పించాలి. కొత్తగా చేరినవాళ్ళకి."

"మంచి పనే" అంది ఒర్వా. వేళాకోళంగా కాదు, నిజంగానే అన్నట్టుంది.

లాగ్ 12. మళ్ళీ గీతలాగా

చెప్పడానికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి వెళ్ళేసరికి తెసికి జుట్టు కత్తిరిస్తున్నారు, హెల్మెట్ పట్టాలని. వాళ్ళ వీధిలోవాళ్ళంతా కత్తెర పట్టుకుని తలో చెయ్యి వేశారు, తల ఎగుడుదిగుడుగా తయారైంది. ఆమె అద్దంలో చూసుకుని ఎంత బాగుందో అంటోంది. బయటికొచ్చేశాను. రెండోసారి వెళితే గదిలో అందరూ ఉన్నారు, ఒర్వా కూడా. నేను గొంతు సవరించుకున్నాను. ఒర్వా బద్ద కింద పెట్టి, చేతులు తుడుచుకుని, తిట్టించుకోవడానికి సిద్ధంగా నిలబడింది. ఆ నిలబడడం చూసి, దీపాలు బాగా వెలుగుతున్నాయని చెప్పి వచ్చేశాను. వాళ్ళంతా దీపాలు బాగా వెలుగుతున్నాయని తిరిగి చెప్పారు.

ఓడ దిగింది. దిమ్మలు ఎక్కాయి. ఓడకు బయల్దేరే అనుమతి ఇవ్వాల్సింది నేనే కాబట్టి, అనుమతి ఇచ్చేసి చివరి క్షణంలో పరుగెత్తి ఎక్కేలా ఏర్పాటు చేసుకున్నాను. తెసి అప్పటికే ఓడ మెట్ల మీద ఉంది. మా కిటికీ వైపు తిరిగి తన మోచేతిని తనే పట్టుకుని ఊపింది.

రేడియోలో కెప్టెన్ గొంతు. "తోరు కంట్రోల్, ప్రయాణికులు ఇద్దరు, నిర్ధారించండి."

మైకు బొత్తాం నొక్కి పట్టుకున్నాను. ఇలా నొక్కి పట్టుకుని మాట్లాడకుండా ఉంటే నా శిక్షణార్థుల్ని నేనే కేకలేసేదాన్ని.

"ఒక్కరు" అన్నాను. "తెసి."

"ఒక్కరు, తెసి" అన్నాడు కెప్టెన్. "బయల్దేరడానికి సిద్ధం."

"బయల్దేరండి. దారి ఖాళీ."

"బయల్దేరుతున్నాం. దారి ఖాళీ."

మంచు మీద మంట నీలంగా పాకింది, ఓడ లేచింది. దస్తగిరి నా కుర్చీ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అక్కా."

"ఏం?"

"నీ పెట్టె పొద్దున్నే ఓడలోకి ఎక్కిచ్చేసినా నేను."

"దించలేదా?"

"నువ్వు పోతాండావనుకోని ఎక్కిస్తి. ఉంటావని నాకేం దెలుసు? అడుగుదామంటే మైకు పట్టుకోని బొమ్మలెక్క కూర్చున్నావు."

నా బట్టలూ, పుస్తకాలూ, మామిడి తాండ్ర డబ్బా అన్నీ నేను లేకుండానే మా ఊరు వెళుతున్నాయి. కంపెనీకి కబురు పంపాను: పని చేతులు మారడం పూర్తి కాలేదు, వచ్చే ఓడ దాకా ఉంటాను. అబద్ధం కాదు. పదవి అప్పటిదాకా ఆపగలరో లేదో చెప్పలేమని జవాబు వచ్చింది. వాళ్ళదీ అబద్ధం కాదు.

లాగ్ 15. పెద్దాయన దాదాపు నిండుగా

రోజూ తొట్ల దగ్గరే ఉంటున్నాను. అరువు బట్టల చేతులు పొట్టిగా ఉండి పనికి అనుకూలంగానే ఉంది. దస్తగిరి ఇప్పుడు లోడింగ్ తనే చూస్తున్నాడు, భాష వచ్చేస్తోంది. ఎవరేం చెప్పినా ముందు తల గోక్కుని ఆలోచించి మరీ తిరిగి చెబుతున్నాడు. గొట్టం అన్న మాట వినబడితే పక్క సందులోకి వెళ్ళిపోతాడు.

తెసి నుంచి కబురు వచ్చింది. మొదటి వారమే సిమ్యులేటర్‌లో ఓడను బోర్లా దింపిందట. ఆ బడిలో అంతకు ముందు ఎవరూ అలా దింపలేదట, గర్వంగా చెప్పింది. చివర్లో, అత్త చేతులు ఎలా ఉన్నాయని అడిగింది. బాగున్నాయని చెప్పమంది ఒర్వా. చెప్పాను. ఎడమచెయ్యి బాగానే ఉంది మరి.

నిన్న పని అయ్యాక ఒర్వా అందరినీ బయటికి పంపి తలుపు వేసింది. నా ఎదురుగా నిలబడి మళ్ళీ ఆ వాక్యమే చెప్పింది. ఈసారి తెసి చెప్పిన తేలిక మాటల్లో. నా చేతులు ఆగిపోయాక ఈ తొట్ల మీద నీ చేతులుంటాయి.

"ఇప్పుడు నీకు రాని మాట ఏదీ లేదు" అంది. "గదిలో ఎవరూ లేరు. మొన్నటిది నేను దొంగిలించింది, దాన్ని లెక్కలో వేయను. నువ్వు ఊరుకుంటే తప్పు కాదు. తొట్లకు చేతులు కావాలని ఊళ్ళో మళ్ళీ ఇంటింటికీ వెళతాను. ఈసారి ఏడుస్తాను కూడా, ఇంతకు ముందు ఏడవలేదు."

"ఎవరూ ఒప్పుకోకపోతే?"

"పిల్లను పిలుస్తాను" అంది. బద్ద తీసుకుని మూల తొట్టి గీకడం మొదలుపెట్టింది. తొందర లేదన్నట్టు వీపు నా వైపు తిప్పింది.

మనుషుల్ని ఎక్కించుకునే ఓడకు ఇంకా చాలా వ్యవధి ఉంది. నేను ఆ వాక్యాన్ని నిన్నటి నుంచి మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. తప్పు లేకుండా వస్తోంది. పైకి అనలేదు. అననని కూడా చెప్పలేదు, అలా చెప్పడానికి ఇక్కడ ఊరుకోవడం తప్ప వేరే దారి లేదు, నేను ఊరుకున్నది ఆలోచించడానికో కాదనడానికో ఒర్వాకూ తెలియదు, నాకూ తెలియదు.

నన్ను ఎవరూ ఇంతగా అడిగింది లేదు. ఉండిపోవడానికి అది సరిపోతుందా? అది చాలదనే అనుకుంటాను ఉదయం పూట. ఆ రోజు రేడియోలో "ఒక్కరు" అన్నది తెసి కోసమా, ఒర్వా నిలబడిన తీరుకా, లేక ఇంటికి వెళ్ళడం కంటే ఉండిపోవడమే ఆ క్షణంలో తేలికనిపించిందా, ఇవన్నీ విడదీయడానికి కూర్చుంటే ఒక్కటీ విడిరావడం లేదు. ఇవాళ కూడా ఆవిడ పక్కనే నిలబడి అడుగు గీకాను, తర్వాత అంచులు గీకాను. ఉంటానో వెళతానో నాకు తెలియదు.